పిల్లల ముందు డబ్బుల మాట: కిట్ కిట్రిడ్జ్ చూశాక

పిల్లలతో కూర్చుని చూడ్డానికి మంచి సినిమా ఏదైనా చెప్పమని ఎవరడిగినా ఈమధ్య నేను ఒకటే పేరు చెప్తున్నాను, కిట్ కిట్రిడ్జ్: యాన్ అమెరికన్ గర్ల్. 2008లో వచ్చింది, పెద్ద హిట్టేం కాదు, మన తెలుగువాళ్ళలో చూసినవాళ్ళు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. నేను కూడా అదేదో బొమ్మల కంపెనీ సినిమా, పింక్ గౌన్లు, రిబ్బన్లు ఉంటాయేమో అనుకుంటూనే లైబ్రరీ నుంచి డీవీడీ తెచ్చాను. చూస్తే మొదటి అరగంటలోనే ఇంటి అప్పు, బ్యాంకు నోటీసు, ఉద్యోగం పోయిన నాన్న, పక్కింటివాళ్ళ సామాన్లు వీధిలో. ఇవన్నీ పదేళ్ళ పిల్ల కళ్ళతో చూపిస్తారు. పిల్లల సినిమాలో ఇంత నిజం చెప్తారని నేను అనుకోలేదండి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కథ 1934లో సిన్సినాటిలో జరుగుతుంది. మేముండేది సిన్సినాటికి ఉత్తరాన మేసన్‌లో, ఇక్కడ మనవాళ్ళు బోలెడుమంది, గుడి, బిర్యానీ హోటళ్ళు, కూచిపూడి క్లాసులు అన్నీ ఉన్నాయి. మా పాపకి తెలిసిన సిన్సినాటి అంటే జూ, రెడ్స్ బేస్‌బాల్, నది మీద నీలం వంతెన, అంతే. ఇదే ఊళ్ళో తొంభై ఏళ్ళ కిందట అన్నం కోసం లైన్లో నిలబడ్డారంటే దానికి నమ్మకం కలగలేదు, "మన సిన్సినాటియేనా అమ్మా" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. (షూటింగ్ మాత్రం కెనడాలో టొరంటో వైపు చేశారు, ఆ సంగతి దానికి అప్పుడే చెప్పలేదు, సినిమా అయ్యాక చెప్పాను.)

కిట్ అసలు పేరు మార్గరెట్ మిల్డ్రెడ్ కిట్రిడ్జ్, అబిగైల్ బ్రెస్లిన్ వేసింది. రిపోర్టర్ అవ్వాలని పట్టుదల, టైప్‌రైటర్ ముందు కూర్చుంటే లోకం తెలీదు, ఊళ్ళో పేపర్ ఆఫీసుకి ఒక్కతే వెళ్ళి ఎడిటర్ ముందు కాయితాలు పెట్టి నా ఆర్టికల్ వేయండి అని అడుగుతుంది. వాళ్ళ నాన్నకి కార్ల షోరూమ్ ఉండేది, డిప్రెషన్‌లో (అంటే 1930ల నాటి పెద్ద ఆర్థిక మాంద్యంలో) కార్లు కొనేవాడు లేక అది పోయింది, ఇంటి లోను కట్టలేకపోతున్నారు, ఆయన పని వెతుక్కుంటూ చికాగో వెళ్ళిపోతాడు. ఇంట్లో వాళ్ళమ్మ గదులన్నీ అద్దెకిచ్చేస్తుంది, కిట్ తన గది వదిలేసి అటక మీదికి మారుతుంది. ఇంటి నిండా కొత్త మనుషులు, డాన్స్ టీచరు, మేజిక్ చేసేవాడు, వ్యాన్‌లో పుస్తకాలు తిప్పే లైబ్రరీ ఆవిడ, కొడుకు స్టర్లింగ్‌ని వెంటబెట్టుకుని వచ్చిన మిసెస్ హవర్డ్. వీళ్ళకి తోడు గ్రేస్ అని ఒక బొద్దు కుక్క. అదే సమయంలో ఊళ్ళో దొంగతనాలు జరుగుతుంటాయి, చేసింది హోబోలే (ఇల్లూ వాకిలీ లేక ఊరూరా తిరిగే పనివాళ్ళు) అని పేపర్లు, పోలీసులు, జనం అందరూ తేల్చేస్తారు. ఒకరోజు కిట్ వాళ్ళింట్లోనే డబ్బు పెట్టె పోతుంది. ఆ తర్వాత ఎవరు ఏమిటి అనేది నేను చెప్పను, పిల్లలకి ఆ మజా పోగొట్టకూడదు.

నేను చెప్పాలనుకున్నది దొంగ గురించి కాదు, సూప్ కిచెన్ సీన్ గురించి.

స్కూల్ తరఫున పిల్లలు సూప్ కిచెన్‌కి, అంటే పేదవాళ్ళకి ఉచితంగా తిండి పెట్టే చోటికి, సాయం చేయడానికి వెళ్తారు. పిల్లలకి అదొక పిక్నిక్ లాంటిది, మనం ఇచ్చేవాళ్ళం, వాళ్ళు తీసుకునేవాళ్ళు అనే గీత వాళ్ళ మనసులో స్పష్టంగా ఉంటుంది. అక్కడి జనంలో కిట్‌కి వాళ్ళ నాన్న కనిపిస్తాడు. పొద్దున టై కట్టుకుని పనికని బయల్దేరిన నాన్న. ఇక్కడ డైరెక్టర్ పెట్రీషియా రొజీమా పెద్ద మ్యూజిక్ వేసి ఏడిపించదు, ఆ పిల్ల మొహం మీద ఒక్కసారిగా వచ్చే మార్పుని చూడనిస్తుంది, అంతే. బ్రెస్లిన్‌కి అప్పటికి పదకొండేళ్ళు ఉంటాయేమో, ఆ సీన్‌లో ముద్దుగా కనిపించాలనే ప్రయత్నం ఒక్క ఇసుమంత కూడా చేయదు. పక్కన క్లాసు పిల్లలు ఉన్నారు, వాళ్ళు చూశారా లేదా, నాన్న నన్ను చూశాడా లేదా, నేను ఇప్పుడు పలకరించాలా వద్దా, ఇవన్నీ ఆ కళ్ళలో కనిపిస్తాయి. నాన్నగా వేసిన క్రిస్ ఓడానెల్ కూడా చాలా తగ్గి చేశాడు. ఇంటికొచ్చాక ఆయన కూతురితో ఉన్నదున్నట్టు మాట్లాడతాడు, షోరూమ్ పోయిందని, ఊరు వదిలి వెళ్ళాల్సి వస్తుందని.

నాకు ఈ సినిమా నచ్చిందంటే ఇందుకే. ఇంట్లో ఏం జరుగుతోందో పిల్లకి తెలుస్తుంది, తెలిశాక ఆ పిల్ల విరిగిపోదు, ఇంటి మనిషిగా నిలబడుతుంది. మనిళ్ళల్లో దీనికి పూర్తిగా రివర్స్ కదా. పిల్లల ముందు డబ్బుల మాట ఎత్తొద్దు, వాళ్ళ చదువు పాడవుతుంది, వాళ్ళకెందుకు ఈ బాధలు అని బెడ్‌రూమ్ తలుపేసుకుని గుసగుసలాడుకుంటాం. పిల్లలకి చెవులు లేవా, ఆ గుసగుసలోనే వాళ్ళకి సగం తెలిసిపోతుంది, తెలియని సగాన్ని వాళ్ళే ఊహించుకుంటారు, ఆ ఊహ నిజం కంటే ఘోరంగా ఉంటుంది. ఇక్కడ అమెరికాలో లేఆఫ్‌ల మాట రోజూ వింటున్నాం, హెచ్-వన్ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి లేదా సర్దుకోవాలి, మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక కుటుంబం స్కూల్ ఇయర్ మధ్యలో సామాను అమ్మేసి ఇండియా వెళ్ళిపోయింది. వాళ్ళ పాప మా పాపకి బెస్ట్ ఫ్రెండు. వెళ్ళే ముందురోజు వరకూ ఆ పిల్లకి "వెకేషన్‌కి వెళ్తున్నాం" అనే చెప్పారు. నేను వాళ్ళని తప్పుబట్టట్లేదు, ఆ టెన్షన్లో ఎవరైనా అదే చేస్తారు, కానీ మా పాపకి మాత్రం ఆ ఖాళీ అలా ఉండిపోయింది.

అందుకే సూప్ కిచెన్ సీన్ అవ్వగానే అది రిమోట్ తీసుకుని పాజ్ కొట్టింది. "నాన్న ఉద్యోగం పోతే మనం కూడా గదులు అద్దెకిస్తామా" అంది. మాది అద్దె అపార్ట్‌మెంటే, ఇవ్వడానికి గదులెక్కడివి. మా ఆయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మన దగ్గర ఎంత ఉంది, నెలకి ఎంత ఖర్చు, అమ్మ జీతం ఎంత, ఒకవేళ అలా అయితే ముందు ఏం చేస్తాం తర్వాత ఏం చేస్తాం అన్నీ కాయితం మీద వేసి చూపించారు. మొత్తం విని, "ఓకే, అయితే నా డాన్స్ క్లాస్ ఫస్ట్ ఆపేద్దాం, గ్రాసరీ కాదు" అని చెప్పి ప్లే నొక్కింది. ఏడుస్తుందేమో అని నేను చూస్తున్నాను, ఏడవలేదు, దానికి కావాల్సింది లెక్క.

సినిమాలో వాళ్ళమ్మ పాత్ర గురించి ఎక్కువమంది మాట్లాడరు గానీ నాకు కిట్ తర్వాత ఆవిడే ఇష్టం. జూలియా ఆర్మండ్ వేసింది. ఒకప్పుడు పార్టీలిచ్చిన ఇల్లు, ఇప్పుడు పొద్దున్నే పదిమందికి టిఫిన్లు, పక్క బట్టలు, ఎవరి అలకలు వాళ్ళవి. ఆవిడ కోళ్ళు కొంటుంది, గుడ్లు అమ్మే పని కిట్ మీద పడుతుంది. గుడ్లు అమ్ముకోవడం అంటే ఆ వీధిలో పరువు పోయినట్టే, మొన్నటిదాకా మనం కూడా కొనుక్కునేవాళ్ళమే, ఇవాళ అదే తలుపు కొట్టి గుడ్లు కావాలా అని అడగాలి. మా అమ్మమ్మ కూడా గుంటూరులో గేదె పాలు వీధిలో వాళ్ళకి కొలిచి పోసేది, మా పిన్నిని గ్లాసులిచ్చి పంపితే స్నేహితురాళ్ళ ఇళ్ళకి మాత్రం వెళ్ళననేదట. ఆ సిగ్గు ఎక్కడైనా ఒకటే.

దాణా సంచుల గుడ్డతో కుట్టిన గౌన్ల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కాలం గురించి నేను చదివినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయినది అదే. అప్పట్లో కోళ్ళ దాణా, పిండి, పంచదార గట్టి కాటన్ సంచుల్లో వచ్చేవి. ఆడవాళ్ళు ఆ సంచుల కుట్టు జాగ్రత్తగా విప్పి, ఆ దారం కూడా పారేయకుండా ఉండకి చుట్టి పెట్టుకుని, మీద ఉన్న కంపెనీ అచ్చు పోయేదాకా నానబెట్టి ఉతికి, ఆ గుడ్డతో పిల్లలకి గౌన్లు, దిండు గలీబులు, లోపలి బట్టలు కుట్టేవాళ్ళు. ఇది చూసి కంపెనీలు కూడా సంచుల మీద పూలు, గళ్ళు, చుక్కలు అచ్చువేయడం మొదలుపెట్టాయి, కంపెనీ పేరేమో సులువుగా పోయే రంగుతోనో, ఊడొచ్చే కాయితం మీదో వేసేవాళ్ళు. అప్పుడు దాణా కొనడానికి వెళ్ళిన మొగుడికి పెళ్ళాం ముందే చెప్పి పంపేదన్నమాట, పోయినసారి తెచ్చిన పూల సంచే తీసుకురా, ఒక గౌనుకి ఒక్క సంచి చాలదు అని. స్కూల్లో మాత్రం ఎవరి గౌను దాణా సంచిదో అందరికీ తెలిసిపోయేది. కిట్ లాంటి పిల్లకి ఆ గౌను అంటే ఎంత భయమో ఇది తెలిశాక చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక హోబోలు. పని వెతుక్కుంటూ గూడ్స్ రైళ్ళు ఎక్కి ఊరూరా తిరిగినవాళ్ళు. దొరికిన చోట కట్టెలు కొట్టి, కంచె బాగుచేసి, బదులుగా ఒక పూట తిండి అడిగేవాళ్ళు. 1933లో అమెరికాలో పనిచేసేవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు, ఇళ్ళ అప్పులు కట్టలేక రోజుకి సుమారు వెయ్యి ఇళ్ళు జప్తుకి వెళ్తున్న రోజులు, బ్యాంకులు వేలకొద్దీ మూతపడ్డాయి, దాచుకున్నది దాచుకున్నట్టే పోయింది. ఇంట్లో ఒక కంచం తగ్గితే మిగతావాళ్ళకి సరిపోతుందని వెళ్ళిపోయిన పిల్లలు ఎంతమందో. ఆ కాలంలో రైళ్ళెక్కి తిరిగిన టీనేజర్లు రెండున్నర లక్షల మంది ఉంటారని అంచనా. సినిమాలో విల్, కౌంటీ అనే ఇద్దరు పిల్లలు అలాంటివాళ్ళే, విల్‌గా మ్యాక్స్ థీరియట్, కౌంటీగా విల్ స్మిత్ కూతురు విల్లో స్మిత్. మేం పని చేస్తాం, తిండి పెట్టండి అని కిట్ వాళ్ళమ్మని అడుగుతారు. హోబోలు గోడల మీద, కంచెల మీద సుద్దముక్కతో గీసుకునే గుర్తులు ఉండేవి, పిల్లి బొమ్మ ఉంటే ఆ ఇంట్లో దయగల ఆవిడ ఉందని. విల్ ఈ గుర్తులు కిట్‌కి నేర్పిస్తాడు. మా పాప ఆ రాత్రే మా ఫ్లాట్ తలుపు మీద సుద్దతో పిల్లి బొమ్మ వేసింది, అలాగే ఉంచాం.

కిట్ ఆ హోబోల బసకి వెళ్తుంది, అక్కడ టెంట్లలో ఆడవాళ్ళు, చంటిపిల్లలు, మొన్నటిదాకా ఉద్యోగాలున్న పెద్దమనుషులు, అందరినీ చూస్తుంది, వాళ్ళ గురించి రాసుకుని ఎడిటర్ మిస్టర్ గిబ్సన్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయనకి అక్కర్లేదు. హోబోలు దొంగలు అనే వార్త అమ్ముడుపోతుంది గానీ హోబోలు మనలాంటివాళ్ళే అనే వార్త ఎవడు చదువుతాడు. వాలెస్ షాన్ ఆ ఎడిటర్‌ని భలే చేశాడు, చిరాకు మనిషే గానీ చెడ్డవాడు కాదు. ఈ పిల్ల చురుకుతనం అల్లరి చేయడంలోనో పెద్దవాళ్ళకి ఎదురు సమాధానం చెప్పడంలోనో చూపించి ఊరుకోలేదు, అందరూ ఒకటి అంటుంటే నేను వెళ్ళి చూసి రాస్తాను అనడంలో చూపించారు. మన సినిమాల్లో చలాకీ పిల్ల అంటే పెద్దల డైలాగులు చెప్పే పిల్ల, హీరోకి పంచ్ వేసే పిల్ల, చివరికి కిడ్నాప్ అయ్యే పిల్ల. మన పిల్లలకి వాళ్ళ వయసు వాళ్ళు ఒక పనిని సీరియస్‌గా చేయడం తెర మీద కనిపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆడపిల్ల రిపోర్టర్ అవుతానంటే 1934లో అది వట్టి కల కూడా కాదు. రూజ్‌వెల్ట్ ప్రెసిడెంట్ అయింది 1933 మార్చి 4న, రెండు రోజులకే 6వ తేదీన ఆయన భార్య ఎలినోర్ వైట్‌హౌస్‌లో సొంతంగా ప్రెస్ మీట్ పెట్టింది, దానికి ఆడ రిపోర్టర్లు మాత్రమే రావాలి. అక్కడి వార్త కావాలంటే ప్రతి పేపరూ కనీసం ఒక ఆడమనిషిని ఉద్యోగంలో ఉంచుకోక తప్పదు, అదీ ఆవిడ తెలివి. ఏపీలో పనిచేసిన లొరేనా హికాక్ అనే రిపోర్టర్ అయితే ఆ ఉద్యోగం వదిలేసి, ప్రభుత్వ సహాయ సంస్థ తరఫున దేశమంతా తిరిగి బొగ్గు గనుల ఊళ్ళలో, పొలాల్లో జనం ఎలా బతుకుతున్నారో చూసి రిపోర్టులు పంపింది. (ఏపీ అంటే అసోసియేటెడ్ ప్రెస్, మన ఏపీ కాదు.) కిట్ చేసేది ఆ పనే, కాకపోతే చిన్న స్థాయిలో. ఈ సంగతులు సినిమాలో చెప్పరు, నేను మా పాపకి విడిగా చెప్పాను, ఆ ప్రెస్ మీట్ సంగతికి చప్పట్లు కొట్టింది.

సినిమాలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. సెకండాఫ్‌లో దొంగని పట్టుకునే హడావుడి ఎక్కువైపోయింది, స్టాన్లీ టుచి, జోన్ క్యూసాక్ లాంటి గొప్ప నటులు కామెడీ కోసం కాస్త ఎక్కువ చేశారు. పిల్లలు అక్కడే పడీ పడీ నవ్వుతారు కాబట్టి పూర్తిగా కాదనలేను, కానీ మొదటి సగంలో ఉన్న నిజం అక్కడ పలచబడింది. చివర్లో అన్నీ ఒకేసారి సర్దుకోవడం కూడా అంతే, 1934లో చాలా ఇళ్ళల్లో అలా జరగలేదు. అన్నిటికంటే నాకు ఇబ్బందిగా అనిపించింది కౌంటీ విషయం. కౌంటీ నల్లజాతి పిల్ల, ఆ రోజుల్లో తెల్లవాళ్ళ ఇంట్లో పని అడగడానికి వెళ్ళిన నల్లపిల్లకి ఎదురయ్యేది ఏంటో చరిత్రలో ఉంది, పని పోయేటప్పుడు ముందు పోయేది వాళ్ళకే, సాయం అందేటప్పుడు చివర అందేదీ వాళ్ళకే. పేదవాళ్ళ మీద నింద వేయడం గురించి ఇంత బాగా చెప్పిన సినిమా ఈ రెండో నింద గురించి నోరు విప్పలేదు. పిల్లల సినిమాలో ఇంత చెప్పగలిగినప్పుడు అది కూడా ఒక్క సీన్‌లో చెప్పుండొచ్చు. మేం సినిమా అయ్యాక మాట్లాడుకున్నాం, మీరూ మాట్లాడండి.

ఇది చూస్తున్నంతసేపూ నాకు ఇంకో పక్క మనవైపు ఆ కాలం ఎలా ఉండేదో అనే ఆలోచన. ఆ డిప్రెషన్ అమెరికాతో ఆగలేదు కదా, 1930 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. శిస్తు మాత్రం తగ్గలేదు, అప్పు వడ్డీ తగ్గలేదు, గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీళ్ళుండి పంటుండి కూడా రైతు నిలువునా మునిగాడు. ఎన్.జి. రంగా గారు రైతుల్ని కూడగట్టింది ఆ రోజుల్లోనే, చివరికి రాజాజీ ప్రభుత్వం 1938లో రైతుల అప్పుల భారం తగ్గించే చట్టం తెచ్చింది. ఆ మధ్య ఏళ్ళలో జనం బతికింది బంగారం అమ్ముకుని. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ తన పౌండుకి బంగారంతో ఉన్న ముడి తెంచేశాక ఇక్కడ బంగారం రేటు పెరిగింది, పల్లెల్లో ఆడవాళ్ళ ఒంటి మీద నగలు కరిగి ఓడలెక్కి దేశం దాటిపోయాయి. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళమ్మ పెళ్ళినాటి కాసుల పేరు ఆ రోజుల్లోనే పోయిందని, ఎందుకమ్మా అంటే "వడ్లు కొనే నాథుడు లేడు, షావుకారు ఇంటిముందు కూర్చున్నాడు" అని వాళ్ళమ్మ అన్న మాట అలాగే అప్పజెప్పేది. చిన్నప్పుడు అదేదో మా ఇంటి గొడవ అనుకున్నా. సినిమాలో కిట్ వాళ్ళమ్మ పెట్టె పోయినప్పుడు నాకు ఆ కాసుల పేరే గుర్తొచ్చింది.

మా పాప ఇప్పుడు రిపోర్టర్ మూడ్‌లో ఉంది. వీడియో కాల్‌లో మా అమ్మని పట్టుకుని "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు మీ ఇంట్లో డబ్బులు అయిపోతే ఏం చేసేవాళ్ళు" అని అడిగింది. మా అమ్మ ముందు "ఛ, ఏం ప్రశ్నే అది, చదువుకో పో" అంది, తర్వాత ఒకటొకటిగా చెప్పడం మొదలుపెట్టింది, రేషన్ బియ్యం, ఇరుగుపొరుగు నుంచి గ్లాసుడు పంచదార చేబదులు, పెద్దక్క పుస్తకాలకి మళ్ళీ అట్టలేసి చిన్న చెల్లెలు వాడటం. నాకే తెలియని సంగతులు ఎన్నో బయటపడ్డాయి. అది నోట్‌బుక్‌లో సగం తెలుగు సగం ఇంగ్లీషులో రాసుకుంటూ కూర్చుంది, స్పెల్లింగ్‌కి మాత్రం మధ్యమధ్యలో నన్ను పిలిచింది.

సిన్సినాటి దగ్గర ఉండేవాళ్ళు సినిమా చూశాక ఒకసారి యూనియన్ టెర్మినల్‌కి వెళ్ళండి. మనం పిల్లల్ని మ్యూజియంకని తీసుకెళ్తూనే ఉంటాం, కానీ అది 1933లో తెరిచిన రైల్వే స్టేషన్ అనే సంగతి పట్టించుకోం. అంత కరువులో అంత పెద్ద స్టేషన్, లోపల సగం గుమ్మటం లాంటి పైకప్పు కింద వినోల్డ్ రైస్ అనే కళాకారుడు చేసిన మొజాయిక్ బొమ్మలు, పనిచేసే మనుషులు, పడవలు, రైళ్ళు, పొలాలు. ఈ ఊరి ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ మీద చేసినవి కూడా ఒక వరుస ఉండేవి, 1970లలో స్టేషన్ వెనక భాగం కూల్చేటప్పుడు వాటిని ఎయిర్‌పోర్ట్‌కి తరలించారు. మా పాప ఆ పెద్ద హాల్ మధ్యలో నిలబడి "విల్, కౌంటీ ఈ రైళ్ళే ఎక్కారా" అని అడిగింది. ఇక్కడ ఆగేవి టికెట్ కొన్నవాళ్ళ రైళ్ళు, వాళ్ళు ఎక్కింది యార్డులో కదిలే గూడ్స్ పెట్టెలు, అదీ రైలు వేగం అందుకోకముందే పరిగెత్తి పట్టుకోవాలి, జారితే కాళ్ళు పోయేవి అని మా ఆయన చెప్పారు.

సినిమా వివరాలు కావాల్సినవాళ్ళకి: వాలెరీ ట్రిప్ రాసిన పిల్లల పుస్తకాల ఆధారంగా తీశారు, స్క్రీన్‌ప్లే ఆన్ పీకాక్, నిర్మాతల్లో జూలియా రాబర్ట్స్ కూడా ఒకరు. అమెరికన్ గర్ల్ బొమ్మల కంపెనీని 1986లో ప్లెజెంట్ రోలండ్ మొదలుపెట్టింది, ఒక్కో బొమ్మకి ఒక్కో చారిత్రక కాలం, దానికో కథల వరుస, కిట్ బొమ్మ 2000లో వచ్చింది. బొమ్మ ఖరీదు వింటే గుండె ఆగుతుంది, కొనక్కర్లేదు, పుస్తకాలు లైబ్రరీలో ఫ్రీగా దొరుకుతాయి. సినిమాకి జీ రేటింగ్, అంటే ఏ వయసువాళ్ళైనా చూడొచ్చు, కానీ ఆరేడేళ్ళు దాటితేనే అప్పు, జప్తు ఇవన్నీ అర్థమవుతాయని నా అభిప్రాయం. మగపిల్లలకి కూడా చూపించండి, స్టర్లింగ్, విల్ ఇద్దరివీ మంచి పాత్రలు, మా మరిది కొడుకు కుక్క కోసం కూర్చుని దొంగ దొరికేదాకా లేవలేదు.

ఇదే కంపెనీ దీనికి ముందు టీవీకి తీసిన సినిమాలు కూడా ఉన్నాయి, 2004లో సమంత, 2005లో ఫెలిసిటీ, 2006లో మాలీ. ఫెలిసిటీ కథ అమెరికా స్వాతంత్ర్య పోరాటం మొదలయ్యే రోజుల్లో వర్జీనియాలో జరుగుతుంది, షైలీన్ వుడ్లీ చిన్నప్పుడు చేసింది, అందులో గుర్రం ఉందని మా పాపకి ఎవరో చెప్పారు కాబట్టి ఈ శనివారం అదే చూడాలట. లైబ్రరీలో హోల్డ్ పెట్టాను, వచ్చాక చూసి దాని గురించి కూడా రాస్తాను.